501వ యూనిట్‌కి 243 రూపాయలు: చెన్నై కరెంటు బిల్లులో శ్లాబుల లెక్క

చెన్నైలో ఒక ఇంటి కరెంటు వాడకం రెండు నెలలకి సరిగ్గా 500 యూనిట్లు వచ్చిందనుకోండి. బిల్లు 1,805 రూపాయలు. అదే 501 వస్తే 2,048 రూపాయల 40 పైసలు. ఆ ఒక్క యూనిట్‌కి పడింది 243 రూపాయల 40 పైసలు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక గంట వాడితే ఖర్చయ్యే కరెంటు అంతే, ఒక యూనిట్.

సాలిగ్రామం, వడపళని, పెరంబూరు, షావుకారుపేట... తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఏ వీధిలో అడిగినా ఎండాకాలం బిల్లు రాగానే వినిపించే మాట ఒకటే: "మీటరు జంప్ అయిందండీ." చాలాసార్లు మీటరు తప్పేమీ ఉండదు. జంప్ అయ్యేది లెక్క. అది ఎక్కడ, ఎందుకు జంప్ అవుతుందో తెలియకుండా బిల్లు కట్టడం, ఎంత పొదుపు చేసినా తగ్గడం లేదని బాధపడడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. అందుకే ఈ లెక్కని మొదటి నుంచి విప్పి చెబుతాను.

ముందు రేట్లు. ఇవి 2024 జూలై 1 నుంచి ఇళ్లకు అమలైనవి. రెండు నెలల వాడకం 500 యూనిట్లలోపు ఉంటే మొదటి 100 యూనిట్లు ఉచితం. తర్వాతి 100 యూనిట్లకి 2.35 చొప్పున, 201 నుంచి 400 దాకా 4.70 చొప్పున, 401 నుంచి 500 దాకా 6.30 చొప్పున వేస్తారు. వాడకం 500 దాటితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మొదటి 100 ఉచితం అలాగే ఉంటుంది గానీ, 101 నుంచి 400 దాకా అంతా 4.70 అయిపోతుంది. 401–500కి 6.30, 501–600కి 8.40, 601–800కి 9.45, 801–1000కి 10.50, ఆపైన ఎంతైనా 11.55. 2025 జూలైలో విద్యుత్ నియంత్రణ కమిషన్ మళ్లీ 3.16 శాతం పెంచింది గానీ ఇళ్ల వరకు ఆ భారం రాష్ట్ర ప్రభుత్వమే తీసుకుంది. ఇళ్లకి ఫిక్స్‌డ్ ఛార్జీని 2022 సెప్టెంబరులోనే తీసేశారు. కాబట్టి బిల్లంటే దాదాపుగా యూనిట్ల లెక్కే.

ఇప్పుడు ఆ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్నది ఒక్కచోటే, రెండో వంద యూనిట్ల దగ్గర. 500లోపు వాళ్లకి అవి 2.35, దాటినవాళ్లకి 4.70. వంద యూనిట్ల మీద యూనిట్‌కి 2.35 తేడా అంటే 235 రూపాయలు. దానికి 501వ యూనిట్ సొంత ధర 8.40 కలిపితే 243.40. ఇందులో రహస్యమేమీ లేదు. బిల్లు మీద మాత్రం ఇది ఇలా విడమరిచి ఉండదు, మొత్తం ఒక్కటే కనిపిస్తుంది.

శ్లాబుల్లో, అంటే వాడకాన్ని బట్టి రేటు మారే మెట్లలో, రెండు రకాలున్నాయి. మన తెలుగు రాష్ట్రాలు రెండింటిలో చెరొకటి ఉంది కాబట్టి ఆ ఉదాహరణలతోనే చెప్పడం తేలిక. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లన్నిటికీ ఒకే వరుస: నెలకి మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. అక్కడ 226వ యూనిట్ వాడితే ఆ ఒక్క యూనిట్‌కే 8.75 పడుతుంది. కింద వాడిన 225 యూనిట్ల రేటు కదలదు. దీన్నే టెలిస్కోపిక్ పద్ధతి అంటారు. తెలంగాణలో ఇళ్లని ముందు గ్రూపులుగా విడగొట్టి, ఏ గ్రూపుకి ఆ గ్రూపు రేట్లు వేస్తారు. నెలకి 200 యూనిట్లయితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, వెరసి 820 రూపాయలు. 201 అయితే గ్రూపు మారిపోయి మొదటి 200 యూనిట్లకీ 5.10 పడుతుంది, చివరిదానికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల తేడా. చెన్నైది ఈ రెండింటి కలగలుపు. వరుస టెలిస్కోపిక్‌లాగే ఉంటుంది, 500 దగ్గర మాత్రం తెలంగాణ తరహాలో వెనక్కెళ్లి తిరగదోడుతుంది.

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో కొత్తగా వచ్చి చెన్నైలో కాపురం పెట్టినవాళ్లు మొదటి బిల్లు చూసి గాబరా పడటం మామూలే. అక్కడ నెలనెలా కట్టే అలవాటు, ఇక్కడ రెండు నెలలది ఒకేసారి మీద పడుతుంది. నిజానికి నెలకి 250 యూనిట్ల చొప్పున వాడే ఇంటికి ఆంధ్రాలో కరెంటు ఛార్జీలే నెలకి 1,235 రూపాయల 75 పైసలు, రెండు నెలలకి 2,471.50. ఇంధన సర్దుబాటు లాంటివి ఇంకా కలపలేదు. అదే వాడకానికి చెన్నైలో 1,805. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో చూస్తేనే 501 సంగతి కూడా అర్థమవుతుంది.

రేట్లు నిర్ణయించేది తమిళనాడు విద్యుత్ నియంత్రణ కమిషన్. కమిషన్ ఉత్తర్వు తీసి చూస్తే అందులో 501 దగ్గర గొయ్యి లేదు, ఉచితం కూడా లేదు. 2024 ఉత్తర్వులో మొదటి 400 యూనిట్లకీ ఒకటే రేటు, 4.80. ఆపైన మెట్టుమెట్టుకీ పెరుగుతూ పోతుంది. పద్ధతి ప్రకారం అది పూర్తి టెలిస్కోపిక్. మనం కట్టే రేటుకీ కమిషన్ రేటుకీ మధ్య ఉన్నది ప్రభుత్వ సబ్సిడీ. 2003 నాటి విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం, ఏ వర్గానికైనా తక్కువ ధరకి కరెంటు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే ఆ సొమ్ము పంపిణీ సంస్థకి ముందుగా చెల్లించాలి. 2016 మే 23న జయలలిత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే 100 యూనిట్ల ఉచితం ప్రకటించారు. అది బంగళాకైనా ఒంటి గది ఇంటికైనా ఒకటే, 1,500 యూనిట్లు వాడేవాళ్లకీ అందుతుంది. 500లోపు వాళ్లకి దాని మీద ఇంకో సాయం ఉంది, రెండో వంద సగం ధరకే. 501కి రాగానే పోయేది ఈ రెండో సాయం. రేటు పెరగడం ఒక ఎత్తు, ఆ సాయం మొత్తంగా ఊడిపోవడం ఇంకో ఎత్తు. జనానికి తగిలే దెబ్బ రెండోదాని వల్ల.

ఇది కొత్తగా పుట్టిన గొయ్యి కాదు, ఒకప్పుడు ఇంకా లోతుగా ఉండేది. 2022 సెప్టెంబరుకి ముందు 500 యూనిట్ల బిల్లు 1,130 రూపాయలు, 501 యూనిట్లది 1,786 రూపాయల 60 పైసలు. తేడా 656 రూపాయలు. అప్పట్లో రెండో వందే కాదు, 201 నుంచి 500 దాకా ఉన్న రేటు కూడా మారిపోయేది, పైగా ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా పెరిగేది. 2022లో రేట్లు పెంచారని అందరికీ గుర్తుంది గానీ, ఆ గొయ్యి సగానికి పైగా పూడిందన్న సంగతి పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు.

బెంగళూరు కథ ఇంకో రకం. అక్కడ 2024 ఏప్రిల్ నుంచి ఇళ్లకి శ్లాబులే తీసేసి యూనిట్‌కి 5.90 చొప్పున ఒకే రేటు పెట్టారు, దాంతోపాటు కనెక్షన్ లోడుని బట్టి ఫిక్స్‌డ్ ఛార్జీ. అయితే గృహజ్యోతి పథకం కింద నెలకి 200 యూనిట్లలోపు వాడే ఇంటికి, దాని పాత సగటు వాడకం మీద 10 శాతం కలిపి, అంతవరకు ఉచితం. 200 దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టాలి. శ్లాబు లేకపోయినా గొయ్యి ఉంది, అదీ సబ్సిడీలోనే.

అసలు మెట్లు ఎందుకు పెట్టారన్నదానికి సూటి సమాధానం ఉంది. మొదటి వంద, రెండొందల యూనిట్లు లైట్లకీ ఫ్యాన్లకీ ఫ్రిజ్‌కీ పోతాయి. అవి లేకుండా చెన్నైలో బతకలేం. అవసరానికి తక్కువ ధర, ఆపైన వాడకానికి ఎక్కువ ధర, ఎక్కువ కట్టేవాళ్ల డబ్బుతో తక్కువ కట్టేవాళ్ల భారం కొంత తీరడం: ఇదీ సూత్రం. నాకు ఈ సూత్రంతో పేచీ లేదు. అందరికీ ఒకే రేటు పెడితే ముందుగా నలిగేది రెండు ఫ్యాన్ల ఇల్లే.

మనవాళ్లు ఎక్కువగా తప్పు లెక్క వేసేది ఏసీ దగ్గర. ఏసీ ఖర్చెంత అని అడిగితే చాలామంది బిల్లుని యూనిట్లతో భాగించి సగటు చెబుతారు. సగటుతో పని జరగదు, చివరి యూనిట్ ధర చూడాలి. ఒక ఇంటికి ఏసీ లేకుండా రెండు నెలలకి 300 యూనిట్లు అవుతాయనుకుందాం. బిల్లు 705 రూపాయలు. ఏసీ గంటకి ఒక యూనిట్ చొప్పున రోజుకి 8 గంటలు నడిస్తే 60 రోజులకి 480 యూనిట్లు. మొత్తం 780. బిల్లు 4,581 రూపాయలు. అంటే ఏసీకి 3,876 రూపాయలు, యూనిట్‌కి ఎనిమిది రూపాయల పైన. "మాది నాలుగు రూపాయల డెబ్భై పైసల శ్లాబు కదా, 480 యూనిట్లకి 2,256 అవుతుంది" అని వేసుకున్న అంచనా ఎక్కడ తప్పిందో ఇప్పుడు తెలుస్తుంది. ఏసీ యూనిట్లలో ఎక్కువ భాగం పై మెట్ల మీదే కూర్చుంటాయి.

ఇదే లెక్క తిప్పి చూస్తే పొదుపుకి పనికొస్తుంది. ఆ 780 యూనిట్ల ఇంట్లో 600కి దిగేదాకా తగ్గించే ప్రతి యూనిట్‌కీ మిగిలేది 9.45. పాత 75 వాట్ల ఫ్యాను తీసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టి రోజుకి 15 గంటలు తిప్పితే రెండు నెలలకి ఒక్కో ఫ్యాను మీద 40 యూనిట్లు తగ్గుతాయి. ఈ ఇంట్లో అది 380 రూపాయల దాకా ఆదా. అదే ఫ్యాను మార్పు 180 యూనిట్లు మాత్రమే వాడే ఇంట్లో చేస్తే మిగిలేది వంద రూపాయల లోపే, ఫ్యాను ధర తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఎక్కువ వాడే ఇంటికి చెప్పే సలహా తక్కువ వాడే ఇంటికి పనికిరాదు.

ఇక తేదీల సంగతి. రీడింగ్ కొన్ని ఇళ్లకి సరి నెలల్లో, కొన్నిటికి బేసి నెలల్లో తీస్తారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పక్కపక్కనే రెండు ఇళ్లు తీసుకోండి, వాడకం అచ్చంగా ఒకటే: మామూలు నెలల్లో 150 యూనిట్లు, ఏప్రిల్‌లో 300, మేలో 300. మొదటి ఇంటికి లెక్క మార్చి–ఏప్రిల్, మే–జూన్‌గా పడుతుంది. రెండు బిల్లులూ 450 యూనిట్ల చొప్పున, 1,490 వంతున, మొత్తం 2,980. రెండో ఇంటికి ఏప్రిల్, మే ఒకే బిల్లులో పడతాయి. 600 యూనిట్లు, 2,880 రూపాయలు. అటు మార్చి, ఇటు జూన్ వాటా కలిపితే ఇంకో 705. మొత్తం 3,585. అదే వీధి, అవే ఎండలు, అవే యూనిట్లు, 605 రూపాయల తేడా. కత్తిరి ఎండలు ఎవరి బిల్లులో ఎలా పడతాయన్నది ఆ ఇంటివాళ్ల చేతిలో లేదు.

రీడింగ్ ఆలస్యం కూడా ఇలాంటిదే. రోజుకి 8 యూనిట్లు వాడే ఇంటికి 60 రోజులకి 480, బిల్లు 1,679. నాలుగు రోజులు ఆలస్యమై 64వ రోజున లెక్క రాస్తే 512 యూనిట్లు, బిల్లు 2,140 రూపాయల 80 పైసలు. తర్వాతి సారి సమయానికే వస్తే 56 రోజులే కాబట్టి బిల్లు 1,477 రూపాయలకి తగ్గుతుంది నిజమే, కానీ రెండూ కలిపి చూస్తే 260 రూపాయలు పోయినట్టే. ఆలస్యమైన రోజులకి తగ్గట్టు శ్లాబు హద్దుల్ని కూడా పెంచి లెక్కేస్తే ఈ నష్టం ఉండదు. ఇది అడగాల్సిన న్యాయమైన కోరిక.

నెలనెలా బిల్లు ఇస్తే ఈ గొడవలన్నీ తీరిపోతాయని చాలామంది నమ్మకం. 2021 ఎన్నికల్లో డీఎంకే మేనిఫెస్టోలో ఆ హామీ ఉంది కూడా. నేను దీనితో ఏకీభవించను. నెలకి మారిస్తే శ్లాబులు కూడా సగం అవుతాయి: 50 ఉచితం, హద్దు 250. ఏప్రిల్‌లో 350, మేలో ఊరెళ్లి 150 వాడిన ఇంటికి ఇప్పటి పద్ధతిలో 500 యూనిట్లు, 1,805. నెలవారీ అయితే ఏప్రిల్‌కి 1,912.50, మేకి 352.50, మొత్తం 2,265. పిల్లల సెలవులకి సొంతూరు వెళ్లొచ్చే తెలుగు కుటుంబాలకి రెండు నెలల లెక్కే మేలు, హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. నెలనెలా కట్టడానికి చేతికి తేలికగా ఉండొచ్చు, అది వేరే మాట. వంద యూనిట్ల ఉచితాన్ని నెలకి వంద చేస్తే అప్పుడు లాభమే, అయితే అది బిల్లింగ్ మార్పు కాదు, సబ్సిడీని రెట్టింపు చేయడం.

500కి దగ్గరగా తిరిగే ఇళ్లు, అంటే 460–540 మధ్య ఉండేవాళ్లు, చేయగలిగిన పని ఒకటుంది. ఇంటి మెట్ల కింద ఉండే మీటరు డిజిటల్ డిస్‌ప్లే మీద అంకెలు కొన్ని సెకన్లకొకసారి మారుతుంటాయి. ఒకసారి తేదీ, ఒకసారి వోల్టేజి, ఒకసారి లోడు. కేడబ్ల్యూహెచ్ (kWh) అని పక్కన కనిపించినప్పుడు వచ్చే అంకే మన రీడింగ్. రీడింగ్ రాసే తెల్ల కార్డులోనో బిల్లు మెసేజ్‌లోనో ఉన్న పాత రీడింగ్‌ని దీంట్లోంచి తీసేస్తే ఇప్పటిదాకా వాడింది వస్తుంది. 500 హద్దు అంటే రోజుకి 8.3 యూనిట్లు. 45వ రోజున 375కి కాస్త అటూ ఇటూ ఉంటే మిగిలిన పదిహేను రోజులు జాగ్రత్త పడితే ఫలితం ఉంటుంది. 300 దగ్గరో 900 దగ్గరో ఉండే ఇంటికి ఈ హద్దు గురించి టెన్షన్ అక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఒకే కనెక్షన్ మీద బతికే కుటుంబాల సంగతి. శ్లాబు మనుషుల్ని లెక్కపెట్టదు, కనెక్షన్‌ని లెక్కపెడుతుంది. ఒక పాత ఇంట్లో మూడు పోర్షన్లు, మూడు కుటుంబాలు, ఒక్కోటి రెండు నెలలకి 220 యూనిట్లు వాడుతుందనుకోండి. మూడింటికీ విడి కనెక్షన్లు ఉంటే ఒక్కొక్కరికీ 329 రూపాయలు, మొత్తం 987. ఒకే ఈబీ (విద్యుత్ బోర్డు) కనెక్షన్ మీద ఓనరు సొంతంగా సబ్‌మీటర్లు పెట్టి నడిపితే మొత్తం 660 యూనిట్లు, బిల్లు 3,447. ఆ బిల్లు ఇంటి ఓనరు మూడు భాగాలు చేసి వసూలు చేస్తే తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే అంత నిజంగానే పడింది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలిపనులకి వచ్చి ఒక గదిలో ఐదారుగురు ఉండేవాళ్లు, పాతమహాబలిపురం రోడ్డు మీద ఫ్లాట్ పంచుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, అత్తమామలతో కలిసుండే ఉమ్మడి కుటుంబాలు... వీళ్లందరినీ లెక్క ఒకే గాటన కట్టి "ఎక్కువ వాడేవాళ్లు" అంటుంది. ఇల్లు అద్దెకి చూసేటప్పుడు అడ్వాన్స్ గురించి, నీళ్ల గురించి అడిగినట్టే, "ఈ పోర్షన్‌కి విడిగా ఈబీ కనెక్షన్ ఉందాండీ?" అని ఓనరు గారిని అడగండి. సబ్‌మీటరు అంటే యూనిట్ ఎంత చొప్పున తీసుకుంటారో ముందే తేల్చుకోండి. నెలకి ఐదొందలు అద్దె తక్కువని తీసుకున్న ఇల్లు కరెంటు దగ్గర ఆ డబ్బు లాగేసుకోవచ్చు.

501 గొయ్యిని పూడ్చడం కష్టమేమీ కాదు. ఆదాయపు పన్నులో కొత్త విధానం కింద రిబేటు హద్దు దాటినవాళ్లకి మార్జినల్ రిలీఫ్ ఉంది. హద్దు మీద వెయ్యి రూపాయల ఆదాయం పెరిగితే పన్ను దాన్ని మించి పెరగకుండా చూస్తారు. కరెంటుకి అలాంటి పద్ధతి పెట్టొచ్చు. 500 దాటాక ఒక్కో యూనిట్‌కి ఒక్కో రూపాయి చొప్పున ఆ 235 రూపాయల సాయాన్ని తగ్గించుకుంటూ పోతే 735 యూనిట్ల దగ్గర అది పూర్తిగా ఆగిపోతుంది. 501 యూనిట్ల ఇంటికి బిల్లు అప్పుడు 1,814 రూపాయల 40 పైసలు. ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ కట్టడం అలాగే ఉంటుంది, ఇస్త్రీపెట్టె గంటసేపు ఎక్కువ వాడినందుకు పడే శిక్ష ఉండదు.

ఇది అడగాల్సిన చోటు కూడా తెలిసి ఉండాలి. కమిషన్ రేట్లు మార్చే ముందు బహిరంగ విచారణ పెడుతుంది, వినియోగదారులు ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. రీడింగ్ ఆలస్యం, శ్లాబు హద్దుల లెక్క లాంటివి అక్కడ లేవనెత్తవచ్చు. 235 రూపాయల గొయ్యి మాత్రం కమిషన్ తవ్వింది కాదు కాబట్టి దాన్ని సచివాలయం వైపు, ఇంధన శాఖకి, బడ్జెట్‌కి ముందు మీ ఎమ్మెల్యే ద్వారా అడగాలి.